కంట్రోల్ ఎఫ్ కొట్టాక చేతులు ఎటు పోతున్నాయి?

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే.

మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. లాప్‌టాప్‌లు ఎలాగూ తెరిచే పెట్టుకున్నారు, నా మాటలు వింటూ మెయిల్ చూసుకుందామని. మీ ఎడిటర్‌లో, అంటే కోడ్ రాసుకునే ప్రోగ్రామ్‌లో, ఏదో ఒక ఫైల్ తెరవండి. కర్సర్ ఏ పేరు మీద ఉందో ఆ పేరు ఇంకెక్కడెక్కడ వచ్చిందో వెతకండి. మూడో చోట ఆగండి. ఆగి, బయల్దేరిన చోటికి మళ్లీ వచ్చేయండి. ఒక్కటే షరతు, మధ్యమధ్యలో మీ చేతుల వైపు కూడా చూసుకోవాలి.

అయిందా? ఇక్కణ్ణుంచి నాకు కనిపించింది చెప్తాను. వెతికే పెట్టె తెరిచే కంట్రోల్ ఎఫ్ అందరూ కళ్లు మూసుకుని కొట్టేశారు. అక్కడిదాకా బ్రహ్మాండం. ఆ తర్వాత, కర్సర్ కిందే ఉన్న పేరుని చాలామంది అక్షరం అక్షరం మళ్లీ టైప్ చేశారు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడేవాళ్లకైతే ఆ పేరు వెతికే పెట్టెలోకి దానంతట అదే వచ్చి కూర్చుంది, అయినా దాని మీదే మళ్లీ టైప్ చేశారు. ఎంటర్, ఎంటర్, ఎంటర్. ఒకటి ఎక్కువైంది. వెనక్కి రావాలంటే చెయ్యి మౌస్ మీదికి పోయింది, ఆ పెట్టె పక్కన ఉండే బుల్లి బాణం గుర్తు కోసం. చివరికి ఎస్కేప్ కొట్టి, మనం మొదట ఎక్కడున్నాం రా బాబూ అని స్క్రోల్ చేసుకుంటూ పైకెళ్లారు. అదిగో, మూడో వరుసలో ఒకాయన ఇంకా స్క్రోల్ చేస్తూనే ఉన్నారు. (నవ్వులు)

ఆయన్ని ఏమీ అనక్కర్లేదు, నేనూ చాలా ఏళ్లు అంతే. సెర్చ్ షార్ట్‌కట్లు మార్చుకుంటున్నాను అని ఎవరైనా అంటే, దాదాపు ఎప్పుడూ వాళ్లు మార్చేది పెట్టె తెరిచే కీ ఒక్కటే. అది ముందే బాగుంది. దాన్ని మార్చి ఒరిగేదేమీ లేదు. టైమంతా పోయేది ఆ తర్వాత: ఏం వెతకాలో చెప్పడంలో, దొరికిన చోట్ల మధ్య తిరగడంలో, తిరిగి రావడంలో. ఇవాళ నేను మాట్లాడేది ఈ మూడింటి గురించే. వాటిలో కూడా, ఎవరూ పట్టించుకోని మూడోదాని గురించే కాస్త ఎక్కువ.

ముందు ఏం వెతకాలో చెప్పడం. మనం ఫైల్‌లో వెతికే మాటల్లో చాలావరకు అప్పటికే స్క్రీన్ మీద, కళ్ల ముందు ఉన్నవే. ఒక ఫంక్షన్ పేరు చూస్తాం, ఇది ఎక్కడ వాడారా అనుకుంటాం. అంటే దాన్ని టైప్ చేయాల్సిన పనే లేదు. విమ్ అనే ఎడిటర్‌లో ఒంటి అక్షరమే కమాండ్. అది వాడేవాళ్లకి దీనికి ఒకే ఒక్క కీ ఉంది, స్టార్ (*). పేరు మీద కర్సర్ పెట్టి స్టార్ కొడితే ఆ పేరు తర్వాత ఎక్కడ వచ్చిందో అక్కడికి దూకుతుంది. పౌండ్ గుర్తు, అంటే హ్యాష్ (#), కొడితే పైకి దూకుతుంది.

ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. స్టార్ ఆ మాటని ఉన్నదున్నట్టు తీసుకోదు, దానికి రెండు వైపులా పద సరిహద్దు గుర్తులు తగిలించి వెతుకుతుంది. అందుకే 'ఐడీ' అనే వేరియబుల్ మీద స్టార్ కొడితే, 'విడ్త్' అనే ఇంగ్లిష్ మాట మధ్యలో దాక్కున్న ఆ రెండు అక్షరాల దగ్గర ఆగదు. చేత్తో టైప్ చేసి వెతికితే ఆగుతుంది, ప్రతిచోటా ఆగుతుంది, చిరాకు పెడుతుంది. సరిహద్దులు వద్దు, లోపల ఉన్నా పట్టుకురా అనుకుంటే ముందు జీ కొట్టి తర్వాత స్టార్ కొట్టాలి.

ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్‌లో ఇదే పని కంట్రోల్ ఎస్, ఆ వెంటనే కంట్రోల్ డబ్ల్యూ. కర్సర్ దగ్గరున్న మాటని వెతికే వరుసలోకి లాక్కుంటుంది. ఇంకోసారి డబ్ల్యూ కొడితే పక్కమాట కూడా వచ్చి చేరుతుంది. నాకు ఇది స్టార్ కన్నా నచ్చుతుంది, ఎంత కావాలో అంతే లాగొచ్చు. కాకపోతే కర్సర్ మాట మొదట్లో ఉండాలి, మధ్యలో ఉంటే అక్కణ్ణుంచే లాగుతుంది. వీఎస్ కోడ్‌లో కంట్రోల్ ఎఫ్3, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో కూడా కంట్రోల్ ఎఫ్3. మ్యాక్‌లో కమాండ్ ఈ అని ఒక పాత మర్యాద ఉంది: ఎంచుకున్న మాటని 'వెతకాల్సిన మాట'గా గుర్తు పెట్టుకుంటుంది. దాని గొప్ప ఏంటంటే, ఆ మాట ఒక్క ప్రోగ్రామ్‌కే పరిమితం కాదు. ఎడిటర్‌లో కమాండ్ ఈ కొట్టి, బ్రౌజర్‌లోకి వెళ్లి కమాండ్ జీ కొడితే అక్కడా అదే మాట వెతుకుతుంది. ఏళ్ల తరబడి మ్యాక్ వాడుతూ కూడా ఇది తెలియనివాళ్లని చాలామందిని చూశాను.

ఎఫ్3 అన్నాను కదా, అక్కడే పేచీ. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ వరుస కీలకి సౌండ్ పెంచడం, వెలుతురు తగ్గించడం లాంటి పనులు అప్పగించేశారు. ఎఫ్3 కావాలంటే ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. దానికి కంట్రోల్ కూడా తోడైతే మూడు వేళ్లు, అందులో ఒకటి కీబోర్డు చివరికి. షార్ట్‌కట్ అనే పేరు దానికి నప్పదు. మార్చుకోవాల్సింది ఇలాంటివాటిని.

అలాగే మీ కీబోర్డు లేఅవుట్ కూడా చూసుకోవాలి. విమ్‌లో వెతకడానికి స్లాష్ కీ ఎందుకు పెట్టారంటే, దాని వంశం అలాంటిది. కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన ఈడీ అనే ఎడిటర్‌లో రెండు స్లాష్‌ల మధ్య మాట రాస్తే ఆ మాట ఉన్న లైనుకి వెళ్లేది. ఫైళ్లలో మాటలు వెతకడానికి మీరు రోజూ వాడే గ్రెప్ కమాండ్ పేరు కూడా అక్కడిదే: జీ, రెండు స్లాష్‌ల మధ్య ఆర్ఈ (వెతకాల్సిన నమూనా), ఆ వెనక పీ. ఆ మాట ఉన్న లైన్లన్నీ అచ్చువెయ్ అని దానర్థం. తర్వాత బిల్ జాయ్ రాసిన వీఐ అనే ఎడిటర్‌కి, దాన్నుంచి విమ్‌కి అదే స్లాష్ వచ్చింది. అమెరికన్ లేఅవుట్‌లో స్లాష్ చిటికెన వేలి కిందే ఉంటుంది, హాయి. జర్మన్ లేఅవుట్‌లో అదే స్లాష్ కోసం షిఫ్ట్ పట్టుకుని 7 నొక్కాలి. వాళ్లు దాన్ని ఇంకో కీ మీదికి మార్చుకుంటే అది ఫ్యాషన్ కాదు, అవసరం.

సరే, రెండోది, తిరగడం. ఇందులో నాకు జరిగింది చెప్తాను, ఎందుకంటే అది నేను చేసుకున్న పనే. వీఎస్ కోడ్‌లో ఎఫ్3 అందడం లేదని, తర్వాతదానికి ఆల్ట్ ఎన్, ముందుదానికి ఆల్ట్ పీ పెట్టుకున్నాను. నెక్స్ట్, ప్రీవియస్, గుర్తుండిపోతాయి కదా అని. చాలా బాగా పనిచేసింది. కొన్ని నెలల తర్వాత ఒకరోజు ఒక పేరుని ఫైలంతా మార్చాలి. చిన్నక్షరాలతో ఉన్నచోట చిన్నక్షరాలతో, పెద్దక్షరంతో మొదలైనచోట పెద్దక్షరంతో మారాలి. రీప్లేస్ పెట్టెలో అక్షరాల సైజు కాపాడే బటన్ ఒకటుంది. దాని షార్ట్‌కట్ ఏంటో తెలుసా? ఆల్ట్ పీ. నేను ఆ కీని లాగేసుకున్నప్పుడు ఎడిటర్ ఒక్క మాట అనలేదు. ఎర్రగీత లేదు, హెచ్చరిక లేదు. పాత పని నిశ్శబ్దంగా తప్పుకుంది. నేను ఆల్ట్ పీ కొట్టినప్పుడల్లా పైనున్న చోటికి దూకుతోంది, నేనేమో బటన్ చెడిపోయిందనుకుంటున్నాను.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. కొత్త కీ కట్టే ముందు అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో చూస్తాను. వీఎస్ కోడ్‌లో కంట్రోల్ కే, ఆ వెంటనే కంట్రోల్ ఎస్ కొడితే షార్ట్‌కట్ల జాబితా తెరుచుకుంటుంది. అందులో కీలను రికార్డు చేసే బటన్ నొక్కి, మీరు అనుకుంటున్న కీ కొట్టండి, దాని మీద ఆధారపడ్డవాళ్లంతా వరుసగా కనిపిస్తారు. జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలో కీమ్యాప్ అనే సెట్టింగు దగ్గర ఇలాంటిదే ఉంది. విమ్‌లో అయితే వెర్బోస్ మ్యాప్ అని కొట్టి పక్కన కీ పేరు రాస్తే, ఆ కీని ఎవరు మార్చారో, ఏ ఫైల్‌లో మార్చారో చెప్తుంది. మీరు అదనంగా తగిలించుకున్న ఏదో ప్లగిన్ మీ కీని ఎత్తుకుపోయిందని తెలిసేది అప్పుడే.

వీఎస్ కోడ్ వాళ్ల కోసం ఇంకొక్క ముక్క. షార్ట్‌కట్లు రాసుకునే కీబైండింగ్స్ ఫైల్‌లో ప్రతి నియమానికి కీ, కమాండ్, ఎప్పుడు అనే మూడు భాగాలుంటాయి. మూడోది మనవాళ్లు రాయరు. రాయకపోతే ఆ కీ ఎక్కడ పడితే అక్కడ పనిచేస్తుంది, ఫైళ్ల జాబితాలో ఉన్నా. వెతికే పెట్టె కనిపిస్తున్నప్పుడు మాత్రమే, లేదా కర్సర్ ఎడిటర్‌లో ఉన్నప్పుడు మాత్రమే అని రాసుకుంటే, ఒకే కీ రెండు చోట్ల రెండు పనులు చేస్తుంది, ఒకదానికొకటి అడ్డం రావు. నా ఆల్ట్ పీ గొడవకి కూడా అదే మందు. రీప్లేస్ పెట్టెలో ఉన్నప్పుడు పాత పని, ఎడిటర్‌లో ఉన్నప్పుడు నా పని. నియమాలని ఎడిటర్ కింద నుంచి పైకి చదువుతుంది, మొదట సరిపోయినదాన్ని పట్టుకుంటుంది. కాబట్టి కింద రాసిందే నెగ్గుతుంది. ఒక పాత షార్ట్‌కట్ అసలు వద్దు అనుకుంటే, ఆ కమాండ్ పేరు ముందు మైనస్ గుర్తు పెట్టి రాస్తే చాలు.

విమ్‌లో తిరగడం ఎన్‌తో. చిన్న ఎన్ తర్వాతదానికి, పెద్ద ఎన్ ముందుదానికి. వినడానికి ఇంతే. కానీ మీరు స్లాష్‌తో కాకుండా ప్రశ్నార్థకంతో, అంటే పైవైపుకి వెతకడం మొదలుపెట్టి ఉంటే చిన్న ఎన్ పైకి పోతుంది, పెద్ద ఎన్ కిందికి వస్తుంది. నాకిది ఎప్పుడూ తికమకే. ఏ వైపు మొదలుపెట్టినా చిన్న ఎన్ అంటే కిందికే అని మార్చుకోవచ్చు. సెర్చ్ దిశ ఏంటో విమ్ ఒక వేరియబుల్‌లో దాచుకుంటుంది, దాన్ని చూసి ఏ ఎన్ వాడాలో తేల్చే మ్యాపింగ్, అంటే కీకి కొత్త పని కట్టే నియమం, ఒక్క లైనే.

మరికొందరు రెండు ఎన్‌లను తారుమారు చేసుకుందామనుకుంటారు. ఇక్కడ ఒక సరదా ఉంది. మామూలు మ్యాప్ కమాండ్‌తో చిన్నదాన్ని పెద్దదానికి, పెద్దదాన్ని చిన్నదానికి కడితే ఏమవుతుంది? చిన్న ఎన్ కొట్టారు, అది పెద్ద ఎన్ అయింది, పెద్ద ఎన్ అంటే మళ్లీ చిన్నది, చిన్నదంటే పెద్దది. కుక్క తన తోక పట్టుకుందామని తిరిగినట్టు తిరుగుతుంది. మామూలుగా 1000 మెట్లు దిగాక విమ్ విసుగెత్తి ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. అందుకే నోరీమ్యాప్ రకం కమాండ్లు. కుడివైపు రాసినదాన్ని మళ్లీ మార్చకుండా, విమ్‌కి పుట్టుకతో వచ్చిన అర్థంలోనే తీసుకోమని చెప్తాయి. ఎన్ కొట్టగానే దొరికిన లైను స్క్రీన్ మధ్యకి రావాలంటే, ఎన్ వెనకాల రెండు జెడ్‌లు చేర్చి కట్టుకోండి. కంటికి చాలా సుఖం, కళ్లు ప్రతిసారీ స్క్రీన్ అంతా గాలించక్కర్లేదు.

ఒక జాగ్రత్త. స్లాష్‌తో మొదలయ్యే ఇంకో రెండక్షరాల మ్యాపింగ్ ఏదీ పెట్టుకోకండి. పెట్టారంటే, మీరు స్లాష్ కొట్టిన ప్రతిసారీ రెండో అక్షరం వస్తుందేమోనని విమ్ ఎదురుచూస్తుంది. మామూలు సెట్టింగులో 1000 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా ఒక సెకను. ఒక సెకనేగా అనిపిస్తుంది. రోజూ వందసార్లు స్లాష్ కొట్టేవాళ్లకి ఆ సెకను పంటి కింద రాయి.

ఇక తిరిగి రావడం. మీరు ఒక ఫంక్షన్ మధ్యలో ఉన్నారు. ఈ పేరు పైన ఎలా డిక్లేర్ చేశారా అని చూడ్డానికి వెతికారు. చూశారు. ఇప్పుడు మీ బుర్రలో ఆ సమాధానం ఉంది, దాన్ని పట్టుకుని పాత చోటికి పరిగెత్తాలి, మధ్యలో మర్చిపోకుండా. అప్పుడు స్క్రోల్ చేస్తూ కూర్చుంటే, పాత చోటు దొరికేసరికి ఎందుకు వెళ్లామో మర్చిపోతాం. నాకు మతిమరుపు అని చాలాకాలం అనుకున్నాను, చూస్తే షార్ట్‌కట్ లేకపోవడమట. (నవ్వులు)

ఈమాక్స్ ఈ విషయంలో పెద్దమనిషి. కంట్రోల్ ఎస్‌తో వెతుకుతూ మధ్యలో కంట్రోల్ జీ కొడితే బయల్దేరిన చోటుకే తెచ్చి దింపుతుంది. ఎంటర్ కొట్టి అక్కడే ఆగినా, బయల్దేరిన చోట ఒక మార్కు పెట్టి ఉంచాను అని కింద చిన్న సందేశం చూపిస్తుంది. కంట్రోల్ యూ, ఆ తర్వాత కంట్రోల్ స్పేస్ కొడితే ఆ మార్కు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ రెండూ చేతికి బరువైతే ఒకే కీ మీద కట్టుకోండి, ఆ కమాండ్‌కి విడిగా పేరుంది.

విమ్‌లో రెండు బ్యాక్‌టిక్ (`) గుర్తులు కొడితే పాత చోటికి వస్తామని పుస్తకాల్లో రాస్తారు. నిజమే, ఒక్క దూకుడికైతే. మీరు స్లాష్ కొట్టి, ఎన్, ఎన్, ఎన్ కొట్టారనుకోండి. ఎన్ కూడా విమ్ లెక్కలో ఒక దూకుడే. అప్పుడు బ్యాక్‌టిక్‌లు కొడితే ఒక్క ఎన్ వెనక్కి మాత్రమే వస్తారు. కంట్రోల్ ఓ కొట్టుకుంటూ మెట్టు మెట్టుగా రావచ్చు కానీ ఎన్ని మెట్లో లెక్కపెట్టుకోవాలి.

నేను చేసుకున్న మార్పుల్లో ఒక్కటే ఉంచుకుని మిగతావన్నీ తీసేయమంటే, ఉంచుకునేది ఇదే. స్లాష్ కీకి 'ఎమ్, ఎస్, స్లాష్' అని కట్టాను. ఎమ్ ఎస్ అంటే ఇప్పుడున్న చోటుకి ఎస్ అని గుర్తు పెట్టు అని. ఆ వెంటనే మామూలుగా స్లాష్. నాకు పైకి ఏ తేడా కనపడదు, స్లాష్ కొడతాను, వెతుకుతాను. కానీ వెతకడం మొదలుపెట్టిన ప్రతిసారీ, నేను అడక్కుండానే, బయల్దేరిన చోట ఒక మేకు దిగుతుంది. ఇరవైసార్లు ఎన్ కొట్టి ఎక్కడెక్కడో తిరిగి వచ్చినా, బ్యాక్‌టిక్ కొట్టి ఎస్ కొడితే అదే లైను, అదే అక్షరం. స్టార్‌కి, ప్రశ్నార్థకానికి కూడా అలాగే కట్టాను. మూడు లైన్లు. ఇక్కడ కూడా నోరీమ్యాప్ వాడటం మర్చిపోకండి. ఎస్ అనే గుర్తుని మీరు ఇంకేదైనా పనికి వాడుతుంటే వేరే అక్షరం పెట్టుకోండి.

వీఎస్ కోడ్‌లో దీనికి సరిగ్గా సమానమైంది లేదు. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం, మ్యాక్‌లో కంట్రోల్ మైనస్ కొడితే వెనకటి చోట్లకి వెళ్తుంది, కానీ కొన్నిసార్లు రెండు మూడుసార్లు నొక్కాల్సి వస్తుంది. ఇది చాలామందికి తెలియనే తెలియదు కాబట్టి, కనీసం దీన్నైనా వేళ్లకి దగ్గరగా ఉన్న కీ మీదికి తెచ్చుకోండి.

ఇప్పటిదాకా ఎడిటర్ గురించే చెప్పాను. కానీ మీరు కొట్టిన కీ ఎడిటర్ దాకా వస్తేనే కదా? కీబోర్డు నుంచి ఎడిటర్‌కి వెళ్లే దారిలో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, బ్రౌజరో, కమాండ్లు టైప్ చేసే టెర్మినలో ఉంది. ప్రతివాడూ దారిలో చెయ్యి చాపుతాడు.

ఒక రాత్రి నేను బ్రౌజర్‌లో తెరిచిన టెర్మినల్ నుంచి ఒక సర్వర్ మీద కాన్ఫిగ్ ఫైల్ మారుస్తున్నాను. ఎడిటర్ నానో. నానోలో వెతకడానికి కంట్రోల్ డబ్ల్యూ, 'ఎక్కడుంది' అని అర్థం వచ్చే వేర్ ఈజ్‌లోని డబ్ల్యూ. అరగంట నుంచి మార్పులు చేస్తున్నాను, సేవ్ చేయలేదు. ఒక పేరు వెతుకుదామని వేళ్లు అలవాటుగా కంట్రోల్ డబ్ల్యూ కొట్టాయి. ట్యాబ్ మాయం. మామూలు ట్యాబ్‌లో ఆ కీని బ్రౌజర్ లోపలి పేజీ దాకా రానివ్వదు, తనే తీసుకుని ట్యాబ్ మూసేస్తుంది. అరగంట పని పోయింది. కాసేపు ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు. మర్నాడు నానో సెట్టింగుల ఫైల్‌లో ఒక్క లైను రాశాను, కంట్రోల్ ఎఫ్ అంటే వెతకడం అని. మీకు ఆ బాధ కూడా లేదు, 2024లో వచ్చిన నానో 8 నుంచి కంట్రోల్ ఎఫ్‌కి పుట్టుకతోనే ఆ పని ఇచ్చారు. పాత సర్వర్ల మీద మాత్రం ఆ లైను రాసుకోవాల్సిందే.

టెర్మినల్‌లో కంట్రోల్ కీకి ఇంకో కథ ఉంది. అక్షరాలకి నంబర్లు ఇచ్చే పాత ఆస్కీ పద్ధతిలో కంట్రోల్ పట్టుకుని అక్షరం కొడితే, వర్ణమాలలో ఆ అక్షరం ఎన్నోదో ఆ నంబరే వెళ్తుంది. హెచ్ ఎనిమిదోది. ఆస్కీలో 8 అంటే బ్యాక్‌స్పేస్. ఐ తొమ్మిదోది, 9 అంటే ట్యాబ్. ఎమ్ పదమూడోది, 13 అంటే ఎంటర్. అందుకే విండోస్ ఎడిటర్లలో అలవాటైన కంట్రోల్ హెచ్‌ని రీప్లేస్ కోసం టెర్మినల్ విమ్‌లో కట్టుకుంటే, కొన్ని టెర్మినళ్లలో బ్యాక్‌స్పేస్ కొట్టినప్పుడల్లా రీప్లేస్ వచ్చి పలకరిస్తుంది. తప్పు మీది కాదు, టెర్మినల్‌కి ఆ రెండూ ఒకటే. కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్ కూడా అంతే, పాత పద్ధతి టెర్మినల్‌లో షిఫ్ట్ సంగతి దారిలోనే రాలిపోతుంది, లోపలికి కంట్రోల్ ఎఫ్‌గానే చేరుతుంది. కొత్త టెర్మినళ్లు కొన్ని దీన్ని సరిచేశాయి, కానీ రెండు వైపులా ఒప్పుకోవాలి, ఎడిటర్‌కీ ఆ భాష రావాలి.

కంట్రోల్ ఎస్ గురించి వేరే చెప్పాలా? టెర్మినల్‌లో ఈమాక్స్ బయట, మన కమాండ్లు తీసుకునే షెల్‌లో కంట్రోల్ ఎస్ కొట్టి, స్క్రీన్ బిగుసుకుపోయి, సర్వర్ పడిపోయిందని టెన్షన్ పడనివాళ్లు ఇక్కడ ఎంతమంది? ఒక్క చెయ్యీ లేవలేదు. అది టెలిప్రింటర్ల కాలం నాటి 'ఆగు' సంకేతం. కంట్రోల్ క్యూ కొడితే కదులుతుంది. ఎస్‌టీటీవై మైనస్ ఐఎక్స్ఆన్ అని షెల్ మొదలయ్యే ఫైల్‌లో ఒక లైను రాసేస్తే ఆ పీడ పోతుంది. పైగా లాభం కూడా. బ్యాష్ అనే షెల్‌లో కంట్రోల్ ఆర్‌తో పాత కమాండ్లలో వెనక్కి వెతుకుతారు కదా, ఎక్కువ దూరం వెళ్లిపోతే ముందుకి రావడానికి ఉన్న కీ కంట్రోల్ ఎస్సే. పాపం, ఇన్నాళ్లూ దాన్ని దారిలోనే మింగేస్తున్నారు.

ఈ కంట్రోల్ ఎఫ్‌నే చూడండి. విండోస్ ప్రోగ్రాముల్లో వెతకడం. విమ్‌లో ఒక పేజీ ముందుకి. ఈమాక్స్‌లో ఒక అక్షరం ముందుకి, మ్యాక్ టెక్స్ట్ పెట్టెల్లో కూడా అంతే. అవుట్‌లుక్‌లో మెయిల్ ఫార్వర్డ్. ఇవన్నీ ఒకే రోజు వాడే మనిషి వేళ్ల గతి ఏం కాను? అన్నిచోట్లా ఒకేలా చేసుకుందాం అని కొందరు విమ్‌లో కూడా కంట్రోల్ ఎఫ్‌ని సెర్చ్ చేసేస్తారు. నేను చేయను. ఎందుకంటే విమ్‌లో పేజీ ముందుకి నాకు రోజూ కావాలి, సెర్చ్‌కి స్లాష్ ఉండనే ఉంది. మీకు పేజీ ముందుకి అక్కర్లేకపోతే మార్చేయండి, ఎవరూ వద్దనరు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పండమ్మా.

(సభ నుంచి: తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉన్నప్పుడు ఈ షార్ట్‌కట్లు కొన్ని పనిచేయవండీ. ఏం చేయాలి?)

మంచి ప్రశ్న, నేను మర్చిపోయేవాణ్ణి. కంట్రోల్‌తో ఉన్నవి చాలా ప్రోగ్రాముల్లో పనిచేస్తాయి. ఇబ్బంది అంతా విమ్ లాంటివాటితో, అక్కడ ఒంటి అక్షరమే కమాండ్ కాబట్టి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్‌లో ఎన్ కీ కొడితే 'ల' వస్తుంది. విమ్‌కి 'ల' అంటే ఏంటో తెలియదు, ఊరుకుంటుంది. దానికి లాంగ్‌మ్యాప్ అని ఒక ఆప్షన్ ఉంది, కమాండ్ల దగ్గర 'ల' వస్తే దాన్ని ఎన్ అనుకో అని చెప్పొచ్చు. ఈమాక్స్‌లో ఇంకా సులువు, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ దానిలోపలే ఉంది. సిస్టమ్ లేఅవుట్ ఇంగ్లిష్‌లోనే ఉంచండి. కంట్రోల్ బ్యాక్‌స్లాష్ కొడితే ఎడిటర్ లోపల తెలుగు వస్తుంది, షార్ట్‌కట్లు చెక్కుచెదరవు, వెతుకుతూ మధ్యలో కూడా మార్చుకోవచ్చు.

తెలుగు అన్నారు కాబట్టి ఇంకొకటి. వెతికితే దొరకదు, కళ్ల ముందే ఉంటుంది. మీకూ జరిగే ఉంటుంది. 'బటన్' అని రాసి స్పేస్ కొడతాం. కొన్ని టైపింగ్ సాధనాలు ఆ పొల్లు తర్వాత కనపడని ఒక అక్షరం వదిలిపెడతాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. 'సాఫ్ట్‌వేర్'లో ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే, అక్కడ దాని అవసరం ఉంది. మాట చివర మాత్రం ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. 'బటన్ నొక్కండి' అని వెతికితే, మధ్యలో ఆ కనపడనిది ఉన్న చోట్లన్నీ తప్పిపోతాయి. దానికి నా దగ్గర ఒక కీ ఉంది. వీఎస్ కోడ్‌లో ఫైళ్లన్నిటిలో వెతికే కమాండ్‌కి కీ కట్టేటప్పుడు, ఏం వెతకాలో కూడా ఆ నియమంలోనే రాసి పెట్టొచ్చు. నేను ఆ కనపడని అక్షరం కోడ్, బ్యాక్‌స్లాష్ యూ 200సీ అని రాసి, నమూనాతో వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఆప్షన్ కూడా అందులోనే ఆన్ చేసి పెట్టాను. కీ కొడితే ఆ అక్షరం ఉన్న చోట్లన్నీ జాబితాగా వచ్చేస్తాయి. అన్నిటినీ ఒక్క దెబ్బకి తీసేయకూడదు, 'సాఫ్ట్‌వేర్' చెడిపోతుంది. స్పేస్ ముందు, ఫుల్‌స్టాప్ ముందు ఉన్నవాటినే తీసేయాలి, ప్యాటర్న్‌లో ఆ షరతు చేర్చుకోవచ్చు.

దాన్ని కట్టుకున్న రోజు, వేరేవాళ్ల ఫైళ్లు శుభ్రం చేద్దామని ముచ్చటగా కొట్టాను. జాబితాలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ఎక్కువ లెక్కతో కూర్చున్నది నా ఫైలే. (నవ్వులు)

ఇంకో ప్రశ్న ఉందా? ఆ మూడో వరుస ఆయన స్క్రోల్ ఆపారు. దొరికిందాండీ?